దొరకని కీకి సున్నా వేయకండి

ఈ ఏడు పైథాన్ మొదలుపెట్టిన జూనియర్ల కోసం ఈ పోస్ట్. కొంచెం పొడుగైతది, ఓపికగా చదవండి.

పైథాన్‌లో డిక్షనరీ అంటే హాష్ మ్యాప్. కీ ఇస్తే దాని విలువ ఇస్తది. ఆ కీ లేకపోతే కీఎర్రర్ వచ్చి ప్రోగ్రామ్ ఆగిపోతది. దీనికి అందరూ చెప్పే మందు ఒకటే: "గెట్ వాడు, డిఫాల్ట్ సున్నా ఇవ్వు." ఎర్రర్ పోతది, నిజమే. కానీ తప్పు పోదు, లోపల దాక్కుంటది.

మన దగ్గరి లెక్కే చూద్దాం. 2011 జనాభా లెక్కల నుంచి జిల్లాల వారీగా ఎస్టీ జనాభాను డిక్షనరీలో పెట్టినం అనుకోండి. 'జగిత్యాల' అని అడిగితే కీ దొరకదు, 'రాజన్న సిరిసిల్ల' కూడా దొరకదు. ఎందుకంటే ఈ రెండు జిల్లాలు 2016 అక్టోబర్ 11న ఏర్పడ్డయి. 2011లో అదంతా ఉమ్మడి కరీంనగర్. అక్కడ డిఫాల్ట్ సున్నా అని రాస్తే, జగిత్యాలలో గిరిజనులు సున్నా, సిరిసిల్లలో సున్నా అని ప్రోగ్రామ్ ధీమాగా చెప్తది. మన గూడేలు, తండాలు అన్నీ ఒక్క దెబ్బకు మాయం!

సున్నా అంటే లెక్కపెట్టినం, ఎవరూ లేరు అని. కీ లేదంటే ఆ పేరు మీద లెక్కే లేదని. రెండూ ఒకటి కాదు.

మరి సున్నా ఎప్పుడూ వద్దా? అట్ల కాదు. మనమే లెక్కపెట్టేటప్పుడు సున్నా సరైనదే. హాస్టల్‌లో ఏ మండలం నుంచి ఎంతమంది అని లెక్కపెడుతుంటే, కోరుట్ల పేరు మొదటిసారి వచ్చినప్పుడు అప్పటిదాకా లెక్క సున్నానే కదా. అక్కడ గెట్ గాని, డిఫాల్ట్‌డిక్ట్ గాని హాయిగా వాడండి. ఒక్క జాగ్రత్త: డిఫాల్ట్‌డిక్ట్‌ను స్క్వేర్ బ్రాకెట్లతో ఊరికే అడిగినా ఆ కీని లోపల చేర్చేస్తది. గెట్ అట్ల చేర్చదు. ఉందా లేదా అని మాత్రమే చూడాలంటే 'ఇన్' చాలు.

ఇంకో సంగతి. కొన్నిసార్లు కీ ఉంటది, వేరే పేరుతో ఉంటది. కోరుట్లను ఇంగ్లిష్‌లో ఒకరు ఒక తీరు రాస్తే ఇంకొకరు ఇంకో తీరు రాస్తరు. ఎస్టీ జాబితాలో సుగాలి, లంబాడీ, బంజారా ఒకే వరుసలో ఉంటయి. మూడు కీలు పెడితే ఒకే జనం మూడు ముక్కలైతరు. 2018 చట్టంతో పంచాయతీలైన తండాల పేర్లు అంతకుముందటి పంచాయతీల జాబితాలో వెతికితే దొరకవు.

అందుకే నా అభిప్రాయం: డిఫాల్ట్ రాసే ముందు ఈ కీ ఎందుకు లేదు అని అడగాలి. పేరు మారిందా? అయితే కొత్త పేరుకు పాత పేరు చూపించే ఇంకో డిక్షనరీ పెట్టండి. జిల్లానే కొత్తదా? అయితే ఊర్ల వారీ లెక్కలు తీసి కూడండి. ఏదీ కాకపోతే "సమాచారం లేదు" అని చూపించండి, దొరకని కీలన్నీ ఒక లిస్టుల వేసుకోండి. డెమోల ప్రోగ్రామ్ ఆగిపోతదని కొందరు భయపడతరు. ఇట్ల రాస్తే ఆగదు, అబద్ధమూ చెప్పదు.

మనలో చాలామందిమి ఇంట్ల మొదటిసారి కాలేజీ మెట్లెక్కినోళ్లం. రేపు స్కాలర్‌షిప్, రేషన్, పింఛన్ల సాఫ్ట్‌వేర్ రాసేటోళ్లల్ల మనోళ్లు కూడా ఉంటరు. ఆ జాబితాలో ఒక అవ్వ పేరు దొరకకపోతే "అర్హురాలు కాదు" అనేది డిఫాల్ట్ కావొద్దు, "మళ్లీ చూడాలి" అనేది కావాలి. మీ ప్రాజెక్టుల్లో ఇట్లాంటివి ఎదురైతే కామెంట్ల రాయండి, అందరం నేర్చుకుందాం.