చార్జర్‌కి పరీక్ష ఉంది.. మరి పిల్లల డేటాకి?

పోయిన నెల రివ్యూ కోసం నా దగ్గరికి ఓ పిల్లల స్మార్ట్‌వాచ్ వచ్చింది. డిస్‌ప్లే బాగుంది, బ్యాటరీ రెండు రోజులు వస్తోంది, ధర కూడా అందుబాటులోనే ఉంది. పిల్లల వాచీ కదా అని నాలుగో తరగతి చదివే మా అక్క కూతురి చేతికిచ్చి, సెటప్ చెయ్యమన్నాను.

యాప్ వరసగా అడుగుతూ పోయింది. పేరు, పుట్టినతేదీ, ఫొటో, స్కూలు పేరు, ఎత్తు, బరువు. తర్వాత లొకేషన్, మైక్, కాంటాక్టుల పర్మిషన్లు. చివర్లో "నేను తల్లిని/తండ్రిని, అంగీకరిస్తున్నాను" అని ఓ గడి. పిల్ల టక్కున టిక్ పెట్టేసి "అయిపోయింది మామయ్యా" అంది.

తొమ్మిదేళ్ల పిల్ల తనకి తానే తల్లయిపోయింది! ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది. అకౌంట్ డిలీట్ చేద్దామని చూస్తే యాప్‌లో ఆ ఆప్షనే లేదు. కంపెనీకి మెయిల్ పెట్టాను. ఇప్పటిదాకా జవాబు లేదు.

మరి మనకి చట్టం లేదా అంటే, ఉంది. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే. వాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, ఆ అనుమతి సరిచూసుకోగలిగేలా ఉండాలి. కొన్ని మినహాయింపులు తప్ప పిల్లలను ట్రాక్ చేయకూడదు, వాళ్లని గురిపెట్టి యాడ్స్ చూపించకూడదు. తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన నిబంధనలకి 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే దాకా.

కాగితం మీద బాగానే ఉంది. నా బాధల్లా ఒక్కటే. ఈ చట్టం ఎక్కువగా తప్పు జరిగాక పనిచేసేది. డేటా లీకయ్యాకో, ఫిర్యాదు వెళ్లాకో డేటా ప్రొటెక్షన్ బోర్డు విచారణ మొదలుపెడుతుంది. వాచీ షాపులోకి రాకముందే దాని యాప్ ఏమేం లాగుతోందో చూడాలన్న నియమం లేదు.

ఒకసారి మీ ఫోన్ చార్జర్ తిప్పి చూడండి. బీఐఎస్ గుర్తు, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే ఓ నంబరు ఉంటాయి. ఆ రిజిస్ట్రేషన్ లేకుండా మన దేశంలో అమ్మకూడదు. స్మార్ట్‌వాచ్‌లకీ అదే రూలు. షాక్ కొడుతుందేమో, వేడెక్కి అంటుకుంటుందేమో అని ముందే ల్యాబ్‌లో పరీక్షిస్తారు. వాచీ లోపలి సాఫ్ట్‌వేర్ పిల్ల వివరాలను ఏ సర్వర్‌కి పంపుతోందో కూడా అలాగే పరీక్షించాలి కదా!

జరిగాక జరిమానా వేస్తే ఏం లాభమో వీటెక్ కేసు చెబుతుంది. 2015లో ఆ బొమ్మల కంపెనీ మీద హ్యాకింగ్ జరిగి 60 లక్షలకు పైగా పిల్లల ప్రొఫైళ్లు బయటపడ్డాయి. 2018లో అమెరికా ఎఫ్‌టీసీతో కుదిరిన ఒప్పందంలో కంపెనీ కట్టింది 6.5 లక్షల డాలర్లు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. పుట్టినతేదీ మార్చుకోలేం.

జర్మనీ వేరే దారి పట్టింది. 2017లో పిల్లల మాటలు వినే 'కేలా' అనే బొమ్మని, అదే ఏడాది చుట్టుపక్కల మాటల్ని దొంగచాటుగా వినే వీలున్న పిల్లల వాచీల్ని అమ్మకూడదని ఆపేసింది.

మనకి కావాల్సింది అలాంటి పట్టుదల. పిల్లల పేరుతో అమ్మే ప్రతి గాడ్జెట్‌నీ, దాని యాప్‌తో సహా, అమ్మకానికి ముందే పరీక్షించాలి. పనికి అవసరం లేని పర్మిషన్లన్నీ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉండాలి. డిలీట్ బటన్ యాప్‌లోనే కనపడాలి. "ధరలు పెరుగుతాయి" అని కంపెనీలు అనొచ్చు. బీఐఎస్ వచ్చాక చార్జర్లు దొరకడం ఆగిపోయిందా?

అప్పటిదాకా ఒక పని చేయండి. సెటప్ పిల్లలకి వదలకుండా మీరే చేయండి. స్కూలు పేరు, ఫొటో ఖాళీగా వదిలేయండి. మైక్, కాంటాక్టుల పర్మిషన్ ఎందుకో తెలియకపోతే ఇవ్వకండి.

ఇక ఆ వాచీకి నేను రేటింగ్ ఇవ్వడం లేదు. మా పిల్ల వివరాలు ఎక్కడున్నాయో నాకే తెలియనప్పుడు, మీ పిల్లకి కొనండి అని ఎలా చెప్పను?