ట్రాక్టర్ బీమా పోలీసుల కోసం కాదు, మన కోసం

విత్తనం కొనేటప్పుడు ప్యాకెట్ మీద లాట్ నంబరు చూస్తాం. ధాన్యం అమ్మేటప్పుడు కాటా దగ్గర నిలబడి తూకం చూసుకుంటాం. లక్షలు పోసి కొన్న ట్రాక్టర్ విషయంలో మాత్రం షోరూం వాళ్లు ఇచ్చిన బీమా కాగితాన్ని చదవకుండానే టూల్ బాక్సులో పడేస్తాం. చెకింగ్‌లో చూపించడానికి ఏదో ఒకటి ఉంటే చాలనుకుంటాం. ప్రమాదం జరిగిన రోజున ఆ కాగితం విప్పితే, మనకు కావాల్సింది అందులో ఉండదు. కంపెనీలు క్లెయిములు ఎగ్గొట్టే మాట నిజమే. ఏం కొంటున్నామో తెలియకుండా మనం కొనడం వాళ్లకు మరింత కలిసివస్తోంది.

ముందుగా రెండు రకాల పాలసీల తేడా తెలియాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. అది లేకుండా బండి రోడ్డెక్కితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. మన ట్రాక్టర్ వల్ల దారిన పోయే మనిషికి ప్రాణహాని, గాయం జరిగినా, ఎదుటి వాహనం దెబ్బతిన్నా ఈ బీమా చెల్లిస్తుంది. మన ట్రాక్టర్ కాలువలో పడినా, దొంగలు ఎత్తుకుపోయినా, కాలిపోయినా ఒక్క రూపాయి రాదు. దానికి సమగ్ర పాలసీ ఉండాలి. థర్డ్ పార్టీ ప్రీమియం రేటును కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. సొంత నష్టం భాగానికి మాత్రం కంపెనీని బట్టి రేటు మారుతుంది. అందుకే రెండు మూడు చోట్ల అడిగి కట్టాలి. షోరూం వాళ్లు చెప్పిన కంపెనీయే తీసుకోవాలన్న నిబంధన ఎక్కడా లేదు.

సమగ్ర పాలసీలో ఐ.డి.వి. అనే అంకె ఉంటుంది. బండి పూర్తిగా పోతే వచ్చే సొమ్ముకు అదే లెక్క. రెండేళ్లు దాటిన బండికి 30 శాతం, నాలుగేళ్లు దాటితే 50 శాతం తరుగు తీసేస్తారు. ప్రీమియం తగ్గించామని చెప్పి ఈ అంకెనే తగ్గించి రాసే ఏజెంట్లు ఉంటారు. సంతకం చేసే ముందు ఆ అంకె చూడండి.

యజమానికి 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. అయితే అది ఆర్.సి.లో పేరుండి, చెల్లే లైసెన్సు కూడా ఉన్న యజమానికే వర్తిస్తుంది. బండి తండ్రి పేరున ఉండి కొడుకు నడుపుతుంటే ఆ రక్షణ కొడుక్కి రాదు. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవారు 14 రోజుల్లో పాలసీని తమ పేరుకు మార్పించుకోవాలి. లేకపోతే సొంత నష్టం క్లెయిము చిక్కుల్లో పడుతుంది. జీతానికి పెట్టుకున్న డ్రైవరు కోసం కొద్దిపాటి అదనపు ప్రీమియం కట్టడం మరవకూడదు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ట్రాలీ దగ్గర ఉంది. ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్, విడిగా బీమా ఉండాలి. చాలామందికి ఇంజనుకే పాలసీ ఉంది. నాట్లకు, మిరప కోతలకు కూలీలను ఎక్కించుకు వెళ్లేది ఆ ట్రాలీలోనే. 2018లో నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర, అదే ఏడాది యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర పొలం పనికి వెళ్తున్న ఆడకూలీల ట్రాక్టర్లు కాలువల్లో పడి ఎన్ని ఇళ్లు చీకటయ్యాయో మనం చూశాం. ట్రాక్టర్ మీద డ్రైవరు ఒక్కడికే సీటు. ట్రాలీలో ఎక్కిన మనుషులకు మా పాలసీ వర్తించదని కంపెనీలు కోర్టుల్లో వాదిస్తాయి. చాలా కేసుల్లో ఆ వాదన నెగ్గుతుంది. ముందు కంపెనీ చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని తీర్పు వచ్చినా, చివరకు పోయేది రైతు పొలమే. కూలీ కుటుంబానికి మనిషి పోతే, రైతు కుటుంబానికి భూమి పోతుంది. వ్యవసాయానికని బీమా చేసిన ట్రాక్టర్‌తో ఇటుక బట్టీలకు మట్టి, ఇసుక కిరాయికి తోలినా ఇదే చిక్కు.

అలాగని కంపెనీ కాదన్న ప్రతిసారీ తల వంచుకుని రానక్కర్లేదు. ట్రాక్టర్ నడిపే లైసెన్సు ఉన్నవాడు, వెనక ట్రాలీ తగిలించినంత మాత్రాన లైసెన్సు లేనివాడైపోడని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. ట్రాక్టర్ దొంగతనమైన రోజే పోలీసు కేసు పెట్టిన ఒక రైతు, కంపెనీకి చెప్పడంలో యాభై రోజులకు పైగా ఆలస్యమైందన్న సాకుతో క్లెయిము కొట్టేయడం కుదరదని 2020లో తీర్పు ఇచ్చింది. అయినా ఆలస్యం మనకు మంచిది కాదు. ప్రమాదం జరగగానే ఫోటోలు తీయాలి, పోలీసులకు, కంపెనీకి వెంటనే తెలపాలి, ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోవాలి. సర్వేయరు చూసేదాకా బండిని మరమ్మతుకు ఇవ్వకూడదు.

బీమా నియంత్రణ సంస్థ 2024లో పెట్టిన నిబంధనల ప్రకారం క్లెయిము తెలిపిన 24 గంటల్లో సర్వేయరును నియమించాలి. 15 రోజుల్లో అతని నివేదిక రావాలి. ఆ తర్వాత 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. నోటిమాట మీద వెనక్కి రావద్దు. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెల రోజుల్లో న్యాయం జరగకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ అదే కార్యాలయం. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. అక్కడి తీర్పు కంపెనీ పాటించి తీరాలి, మనకు నచ్చకపోతే కోర్టుకు పోవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. నియంత్రణ సంస్థ హెల్ప్‌లైన్ 155255, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

హక్కులు తెలుసుకోవడం ఒక్కటే చాలదు. పొలం పనికి ట్రాలీలో వెళ్లే కూలీలకు బదులు దారి చూపకుండా, ప్రమాదం జరిగాక తప్పంతా రైతు మీద వేయడం ప్రభుత్వానికి తగదు. నాట్లు, కోతల కాలంలో కూలీలకు బస్సులు నడపాలి. వ్యవసాయ కూలీల రవాణాకు తక్కువ ప్రీమియంతో ప్రత్యేక రక్షణ తేవాలి. ప్రతి ట్రాక్టర్ పాలసీతో పాటు ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో తెలుగులో ఒక పేజీ ఇవ్వాలి. అప్పు ఖాతాలోంచి ప్రీమియం కోసుకునే బ్యాంకులు పాలసీ కాపీని రైతు చేతికి అందించాలి. వీటిని మన సంఘం డిమాండ్లలో చేర్చాలి.

ప్రభుత్వం కదిలేలోగా మనం చేయగలిగిన పని ఒకటుంది. ఈ నెల గ్రామ కమిటీ సమావేశానికి ప్రతి సభ్యుడూ ట్రాక్టర్, ట్రాలీ పాలసీలు వెంట తీసుకురావాలి. గడువు ఎప్పటివరకు ఉంది, ఎవరి పేరున ఉంది, ట్రాలీ నంబరు అందులో ఉందా లేదా అన్న మూడు విషయాలు పక్కపక్కన కూర్చుని చూసుకుందాం. లోపం ఉంటే సీజన్ మొదలయ్యేలోపే సరిచేసుకుందాం.