వంటయింటి ముచ్చటలు: పెరటి యాకుల కుల్ఫీ

మన గుంటూరు, ప్రకాశము జిల్లాలలో మిరపకోతలు ముగియకమునుపే వడగాలి మొదలగును. పిల్లలు ఐసు కావలెనని మారాము చేయుదురు. గత వేసవిలో మా చిన్నవాడు వీధిలో అమ్మవచ్చిన రంగుల ఐసు తిని, రెండు దినములు వాంతులతో మంచము పట్టెను. అప్పుడు మావారు బడిలో చెప్పు పాఠమునే మాకును చెప్పిరి: "చలికి క్రిములు చావవు, నిద్రించును. కడుపులోని వెచ్చదనమునకు మఱల మేల్కొనును." కావున శుభ్రత చలికి ముందే జరుగవలెను. నాటినుండి కుల్ఫీని ఇంటనే చేయుచున్నాము.

చిక్కని గేదెపాలు ఒక లీటరు సన్నని సెగపై కలియబెట్టుచు సగమగువఱకు కాచవలెను. నీరు తగ్గినకొలది గడ్డలో మంచుపలుకులు తగ్గును. చక్కెర 100 గ్రాములు వేసి, కరగినవెంటనే దింపవలెను. చలువకు తీపి మందగించును గనుక నాలుకకు కొంచె మెక్కువగా తోచవలెను. బాగుగా కడిగిన పుదీనా పిడికెడుగాని, తులసిదళములు పదునైదుగాని ఆ వేడిపాలలో వేసి, మూతపెట్టి, పావుగంట యుంచి వడగట్టవలెను. ఆకును పాలతో ఉడికించినచో కమ్మదనము పోవును. గిన్నెను చల్లనీటి పళ్ళెములో నిలిపి త్వరగా చల్లార్చి, చిన్న గ్లాసులలో పోసి మూతవేసి, ఫ్రిజ్‌లోని మంచు అరలో రాత్రియంతయు ఉంచవలెను. పూజించు కోటలోని తులసిని త్రుంచుటకు మనసొప్పక, వంటకు వేఱొక కుండీలో నాటుకొంటిమి.

పూర్వము మంచుగడ్డయే అపురూపము. 1842లో మదరాసు సముద్రతీరమున కట్టిన మంచుకొట్టులో, అమెరికానుండి ఓడలపై వచ్చిన గడ్డలను దాచెడివారు. నేడు గడ్డ సులభముగ దొరకును. ఫ్రిజ్ లేనివారు పాలను తగరపు డబ్బాలో పోసి, బిగువుగా మూతవేసి, బకెట్టులో చుట్టును మంచు మూడుపాళ్ళు, కల్లుప్పు ఒకపాలు నింపి త్రిప్పుచుండవలెను. ఉప్పు కలిసిన మంచు సున్న డిగ్రీలకంటె ఎంతో చల్లబడి పాలను గడ్డకట్టించును. కొన్న మంచు డబ్బా వెలుపలనే యుండవలెను. ఒక్క చుక్కయు లోనికి పోరాదు.

ఆకులను గూర్చి యొకమాట. మిరపచేలకు కూలికి పోవు నొకయమ్మ, గట్టుమీది పుదీనా ప్రేమతో తెచ్చియిచ్చెను. తీసికొంటిమి గాని వాడలేదు. పత్తికిని మిరపకును పురుగుమందులు పలుమార్లు చల్లుదురు. ఆ తుంపరలు గట్టుమీది యాకులపైనను పడును. కడిగినను పూర్తిగా పోని మందులు కలవు. చలికి విషము విరుగదు. ఆమె యింటను పసిపిల్లలున్నారు. ఊరకుండుట తగదని, "అమ్మా, నొచ్చుకొనకుము" అని ఈ సంగతి చెప్పి, మా కుండీలోని రెండు కొమ్మ లిచ్చితిమి. పుదీనా కొమ్మను తడిమట్టిలో గ్రుచ్చిన చాలును, వేళ్ళూనును. నెల తిరుగకముందే ఆమె వాకిట పాతబకెట్టులో పుదీనా గుబురుగ పెరిగెను. ఆమె పిల్లలకును మా యింటి కుల్ఫీ రెండు గ్లాసులు పంపితిమి.

చల్లని వస్తువును బిడ్డ చేతి కిచ్చునపుడు, అది ఏ నీరో, ఏ యాకో తల్లి చెప్పగలిగి యుండవలెను. ఈ వేసవికి ముందే ప్రతి వాకిట నొక కుండీ వెలయుగాక!