సంతకం పెట్టినవాణ్ణీ నిలదీయండి

ఇల్లు కూల్చే రోజున బుల్డోజరు వస్తుంది. పోలీసులు వస్తారు, రెవెన్యూ వాళ్లు వస్తారు. ఆ ఇంటికి పర్మిషన్ ఇచ్చిన అధికారి మాత్రం రాడు. ఆయన ఎవరో, ఇప్పుడు ఏ ఊళ్లో ఏ కుర్చీలో ఉన్నాడో అడిగే నాథుడు ఉండడు. నా కోపమంతా ఈ అన్యాయం మీదే.

హైదరాబాద్ శివార్లలో నూట యాభై గజాల జాగా కొన్న ఉద్యోగిని తీసుకోండి. ఆ లేఅవుట్‌కు అనుమతి లేదని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తెలియదా? తెలిసే స్టాంపు డ్యూటీ కట్టించుకుని దస్తావేజు మీద ముద్ర వేసింది. ఆ తర్వాత 2020లో అదే ప్రభుత్వం లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్‌ఆర్‌ఎస్) తెచ్చి, నీ ప్లాటు అక్రమం, వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకో అంది. పాతిక లక్షల మందికి పైగా పెట్టుకున్నారు. ఆ దరఖాస్తుల్లో అత్యధికం నాలుగేళ్లకు పైగా కదల్లేదు. 2025లో ఖజానాకు డబ్బు కావాల్సి వచ్చినప్పుడు పాతిక శాతం రాయితీ ప్రకటించి, గడువు పెట్టి జనాన్ని తొందరపెట్టారు. లేఅవుట్ వేసి అమ్ముకున్న రియల్టర్ జేబులోంచి రావాల్సిన సొమ్మును కొనుక్కున్నవాడి దగ్గర పిండారు. పార్కుకు జాగా వదలనిది రియల్టర్ అయితే, ఆ ఖాళీ స్థలం చార్జీ కట్టేది ఈ ఉద్యోగి!

ఇక ఇంటి అనుమతి సంగతి. 2020 నవంబరులో మొదలైన టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతుల విధానం చాలామందికి ఊరట ఇచ్చిన మాట నిజం. 75 గజాల్లోపు చిన్న ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి. అంతకు మించితే 21 రోజుల్లో తేల్చాలి. టౌన్ ప్లానింగ్ సెక్షన్ చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, అడుగడుగునా చేయి తడిపిన జనానికి ఇది చిన్న మేలు కాదు. కానీ ఆ ధ్రువీకరణలో తప్పు తేలితే నోటీసు కూడా లేకుండా కూల్చే అధికారం టీఎస్ బీపాస్ చట్టంలోనే ఉంది. అంటే సౌకర్యంతో పాటు బాధ్యత మొత్తం సామాన్యుడి నెత్తిన పడింది.

ఆ సామాన్యుడు ఏమని ధ్రువీకరించాలి? తన జాగా చెరువు నిండితే నీరు చేరే హద్దు (ఎఫ్‌టీఎల్) లోపల గానీ, దాని చుట్టూ ఉండే బఫర్‌లో గానీ లేదని. పది హెక్టార్లు, ఆపై విస్తీర్ణమున్న చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు ఇల్లు కట్టకూడని బఫర్. మరి ఆ గీత ఎక్కడుంది? హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) పరిధిలో ఎన్నో చెరువులకు తుది నోటిఫికేషనే ఏళ్ల తరబడి రాలేదు. సర్వే బృందాలు, మ్యాపులు, ఇరిగేషన్ శాఖ ఉన్న ప్రభుత్వం గీయలేకపోయిన గీతను, జీతం డబ్బుల్లోంచి బ్యాంకు లోను కట్టుకునే మనిషి తన ఇంటి పునాది పక్కన ఎలా చూడగలడు?

చెరువులు కాపాడొద్దని నేననడం లేదు. 2020 అక్టోబరు వరదలో ఈ నగరం మునిగింది చెరువులనూ నాలాలనూ మింగినందుకే. కబ్జాదారును వదలొద్దు. చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించడానికి 2024 జులైలో పుట్టిన హైడ్రా కొందరు అధికారుల మీద కేసులు పెట్టించింది కూడా. అది అరుదైన పని. అరుదుగా మిగలడమే నేరం. ఎన్‌వోసీ ఇచ్చినవాడు, ప్లాన్ పాస్ చేసినవాడు, కరెంటు మీటరు బిగించినవాడు, ఏటా ఇంటిపన్ను వసూలు చేసినవాడు అందరూ ప్రభుత్వమే. కూలేటప్పుడు మాత్రం అది ఒక్క కుటుంబం తప్పు!

సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న పదిహేను రోజుల నోటీసు లేనిదే కూల్చొద్దంది. అయితే నీటివనరుల్లోనూ రోడ్ల మీదా ఉన్న కట్టడాలను ఆ రక్షణ నుంచి మినహాయించింది. అందుకే ఎఫ్‌టీఎల్ గీత దగ్గర ఇల్లున్నవాడికి ఆ తీర్పు ఆసరా కాలేదు. అదే ఏడాది డిసెంబరు 17న మేరఠ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లింది. ఆమోదించిన ప్లాన్‌ను నిర్మాణ స్థలంలో అందరికీ కనబడేలా పెట్టాలంది, నిర్మాణం పూర్తయిందని, నివాసయోగ్యమని తప్పుడు సర్టిఫికెట్లు ఇచ్చిన అధికారులపై శాఖాపరమైన చర్య తీసుకోవాలంది. మీ వీధిలో లేస్తున్న అపార్ట్‌మెంట్ ముందు ఆ ప్లాన్ బోర్డు ఉందేమో చూడండి.

కూల్చివేత నోటీసు మీద ఇంటి యజమాని పేరుతో పాటు అనుమతి ఇచ్చిన అధికారి పేరు కూడా ఉండాలి. ప్రభుత్వమే ఇచ్చిన అనుమతిని నమ్మి కట్టుకున్నవాడి ఇల్లు పడగొడితే పరిహారం ప్రభుత్వం ఇవ్వాలి, ఆ సొమ్ము సంతకం పెట్టినవాడి జీతం నుంచీ పెన్షన్ నుంచీ రాబట్టుకోవాలి. వచ్చే ఎన్నికల్లో మీ గడప తొక్కిన ప్రతి అభ్యర్థినీ ఈ ఒక్క హామీ రాతపూర్వకంగా అడగండి.