ఇంటి కంఠములు

మనుష్యుని గుర్తించుటకు ముఖముకంటె కంఠము నమ్మదగిన సాక్షి. ఆదికాండమున చూపు మందగించిన ఇస్సాకు మేకపిల్లల తోలు చుట్టుకొనిన చేతులను తడవి మోసపోయెను గాని, ఆ కంఠము ఎవరిదో అతని చెవి ముందుగనే చెప్పెను. చెవి చెప్పినది వినక చేతులు చెప్పినది నమ్ముటయే అతని పొరపాటు. తాతగారి ఫోటో చూచి "ఇట్లుండెడివారు" అని యందుము. ఆయన మనలను పేరు పెట్టి పిలిచిన పిలుపు వినబడినచో "తాతగారే" యని లేచి నిలుతుము. అట్టి పిలుపులు అనేకములు నేడు మన యిండ్ల అలమారలలో మూలబడియున్నవి. వానిని గూర్చియే తల్లిదండ్రులకును విద్యార్థులకును కొంత మనవి చేయదలచితిమి.

కెమెరాయు రికార్డరును ఒక్క పెట్టెలో నిమిడిన కామ్‌కార్డరు 1983వ సంవత్సరమున సామాన్య ప్రజల చేతికి వచ్చెను. 1995లో డి.వి. టేపులును, 2006లో సోనీ, పానసోనిక్ కంపెనీలు కలిసి ప్రకటించిన ఎ.వి.సి.హెచ్.డి. అను పద్ధతియు వచ్చినవి. పెండ్లిండ్లు, బారసాలలు, క్రిస్మసు ఆరాధనలు, పాఠశాల వార్షికోత్సవములు ఈ యంత్రములతో తీయబడినవి. పిదప చేతిలోని ఫోను ఆ పనికి పూనుకొనగా కామ్‌కార్డరు అటకెక్కెను. దాని కార్డులోని చిత్రములు మాత్రము అంకెలే పేర్లుగా, ఎం.టి.ఎస్. అను తోకతో, ఎవరును తెఱువని ఫైలులై నిలిచియున్నవి.

ఈ చిత్రములనుండి కంఠమును వేఱు చేసి ఉంచుకొనుట మంచి పని యని మా యభిప్రాయము. సెకనుకు 24 మెగాబిట్ల చొప్పున తీసిన గంట చిత్రము 10 గిగాబైట్లకు మించును. అందలి మాటలను మాత్రము 128 కిలోబిట్ల ఎం.పి.3గా మార్చినచో 60 మెగాబైట్లకు లోపుగనే యుండును. కువైటులోనున్న కుమారునికి తల్లి పాడిన పాటను ఫోనులో పంపవచ్చును. చూపు తగ్గిన అవ్వ తెఱ చూడనక్కఱలేక మంచముపై పరుండియే తన పెనిమిటి ప్రార్థనను వినవచ్చును.

కాని ఆ పని చేయు విధమును గూర్చి మాకు గట్టి ఆక్షేపణ కలదు. అనేకులు ఇంటర్నెట్టులో ఉచితముగా లభించు ఏదో యొక కన్వర్టరు వెబ్‌సైటును వెదకి, ఇంటి వీడియో నంతయు దానికి అప్పగించుచున్నారు. అడిగినది కంఠము, పంపినదో ఇల్లు, వాకిలి, పడకగది, ఆడపిల్లల ముఖములు, అతిథుల మాటలు. చెంబెడు నీటి కొఱకు బావినంతయు పొరుగూరికి మోయించినట్లున్నది. కొన్ని గంటలలో ఫైలును తుడిచివేయుదుమని ఆ వెబ్‌సైటులు వ్రాయుచున్నవి. వ్రాసినవారిలో మాట నిలుపుకొనువారును ఉందురు. అయితే నిలుపుకొనిరో లేదో ఇంట కూర్చుండి తెలిసికొను ఉపాయము మనకు లేదు.

ఈ భయము ఊహామాత్రము కాదు. 2025 మార్చి నెలలో అమెరికా దేశపు ఎఫ్.బి.ఐ. వారి డెన్వరు కార్యాలయము, ఉచిత కన్వర్టర్ల మాటున మోసగాండ్రు కంప్యూటర్లలోనికి హానికర ప్రోగ్రాములను చొప్పించుచున్నారని ప్రజలను హెచ్చరించెను. అంతకు పూర్వము, 2023 జనవరిలో, మైక్రోసాఫ్ట్ కంపెనీ పరిశోధకులు మూడు సెకనుల మాట వినినంతనే ఆ కంఠమును అనుకరింపగల యంత్రవిద్యను వెల్లడించిరి. నాటి ఇస్సాకును మోసగించినవాడు చేతులను మార్చుకొనగలిగెను గాని కంఠమును మార్చుకొనలేకపోయెను. నేటివాడు దానిని సయితము మార్చుకొనగలడు. కావున కంఠమును ఇంటి తాళపుచెవివలె కాపాడుకొనవలయును.

"మా అమ్మమ్మ పాటలో దాచవలసిన రహస్యమేమి?" అని కొందఱడుగవచ్చును. పాటలో రహస్యము లేకపోవచ్చును. కాని అది ఆమె కంఠము; పంపుటకు ముందు ఆమె నడిగినవారెవరు? ప్రక్కన నాడుకొనుచున్న పొరుగింటి బిడ్డ తల్లిదండ్రుల నడిగినవారెవరు? "ఇతర సాధనము మాకు లేదు" అనువారి మాట మాత్రము త్రోసిపుచ్చదగినది కాదు. అట్టివారికి ఒక సూచన. కొన్ని వెబ్‌సైటులు ఫైలును ఎచ్చటికిని పంపక మన యంత్రములోనే పని ముగించును. పుట తెఱచిన పిదప ఇంటర్నెట్టును తెంపివేసి చూడవలయును. అప్పటికిని పని సాగినచో ఫైలు గడప దాటలేదన్నమాట. పని ముగియగానే పుటను మూసి, ఆ పిమ్మటనే ఇంటర్నెట్టును తిరిగి కలుపవలయును.

ఇంతకంటె మేలైన దారి ఇంటనే కలదు. ఫ్రాన్సు దేశమున ఏకోల్ సెంట్రాల్ పారిస్ అను విద్యాలయపు విద్యార్థులు 1996లో ఆరంభించిన పని వి.ఎల్.సి. అను ప్రోగ్రాముగా పరిణమించి, 2001 మొదలు లోకమునకంతకు ఉచితముగా లభించుచున్నది. దానిని తయారుచేయు వీడియోలాన్ వారి వెబ్‌సైటునుండియే దించుకొనవలయును. అందు మీడియా అను పట్టికలో కన్వర్ట్ అను మాటను నొక్కి, ఫైలును చేర్చి, ఆడియో రకమును ఎన్నుకొనినచో కంఠము వేఱై వచ్చును. దీనికి ఇంటర్నెట్టు అక్కఱలేదు, రుసుము లేదు, పరాయివాని చేయి సోకదు. విద్యార్థులు ప్రారంభించిన ఈ పనిని మన విద్యార్థులు ఒక్క సాయంకాలమున నేర్వగలరు.

రకమును ఎన్నుకొనుటలో కొంత జాగ్రత్త వలయును. ఎం.పి.3 అనునది చెవికి అంతగా తెలియని అంశములను విడిచి ఫైలును చిన్నది చేయును. కామ్‌కార్డరులు అనేకములు శబ్దమును ముందే కుదించి దాచును. దానిని మరల ఎం.పి.3 చేసినచో రెండవమాఱు కుదించినట్లగును. పంపుకొనుటకు ఎం.పి.3 చాలును. దాచుకొనుటకు ఫ్లాక్ అను రకము మేలు. అది ఇంకేమియు పోగొట్టదు.

మాకు తెలిసిన ఒక యింట 2009వ సంవత్సరపు క్రిస్మసు వీడియో యుండెను. అందు నాయనమ్మగారు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలోని యొక పాటను పాడిరి. మనుమడు దానిని ఒక వెబ్‌సైటునకు పంపి ఎం.పి.3 చేయించెను. "పాట వచ్చినది గదా" యని కార్డులో చోటు కొఱకు వీడియోను తుడిచివేసిరి. పిదప శ్రద్ధగా వినగా పాట మూడవ చరణమున తెగిపోయెను. పెద్ద చిత్రమును కామ్‌కార్డరు రెండు ఫైలులుగా విడదీసి దాచెననియు, తాము పంపినది మొదటిది మాత్రమే యనియు అప్పుడు తెలిసెను. ఆమె అప్పటికే ప్రభువు నందు నిద్రించియుండిరి. మిగిలిన చరణమును ఇక పాడువారు లేరు. కావున కంఠమును తీసిన పిదపనైనను అసలు వీడియోను తుడువరాదు. రెండు వేర్వేఱు స్థలములలో నుంచవలయును. తీసిన పాటను మొదటినుండి తుదివరకు ఒకమాఱు వినవలయును.

శతాబ్దము క్రిందట మన దేశభాషల పరిశీలనలో భాగముగా గ్రామఫోను పలకలపై పలువుర కంఠములను పట్టి యుంచిరి. వారిలో అనేకులు తమ తమ భాషలలో తప్పిపోయిన కుమారుని కథను చెప్పిరి. ఆ కంఠములను నేడును వినవచ్చును. ఎవరో శ్రద్ధ వహించి దాచిరి గనుకనే అవి దక్కినవి.

విద్యార్థులారా, రాబోవు వేసవి సెలవులలో అటకపైనున్న ఆ పెట్టెను దింపుడు. పెద్దల యనుమతి నడిగి, వారి ప్రక్కనే కూర్చుండి, ఒక్కొక్క ఫైలును తెఱువుడు. మాటలాడువారెవరు, ఏ యూర, ఏ యేట అని వారు చెప్పగా కాగితముపై వ్రాసికొనుడు. అంకెలు తప్ప పేరులేని ఫైలులకు పేర్లు పెట్టుడు. యంత్రము కంఠమును వేఱు చేయగలదు గాని, అది ఎవరి కంఠమో చెప్పవలసినది ఇంటివారే. చెప్పగలవారు మన మధ్య నుండగనే వారి నడిగి తెలిసికొందుము గాక.