పరిశోధకునకు వైద్యుని యాశ్రయము

భారతీయ భాషా శాఖలలో అపరాధపరిశోధక నవలకు పీట వేయువారు నేటికిని తక్కువ. వేసిన కొలదిమందియు ఏ నవల ఏ వంగ గ్రంథమునకు అనువాదమో, ఏది ఏ ఆంగ్లకథకు నీడయో తేల్చి, అంతటితో తమ పని ముగిసినదని తలచుచున్నారు. ఆ నవలలలోని పరిశోధకుడు తాను నిలుచుటకు ఎవరిపై ఆధారపడియున్నాడను ప్రశ్న వారికి తట్టుట లేదు. ఈ ప్రశ్నకు ఒక చక్కని సమాధానము హాస్యరచన యొకదానిలో దొరకుచున్నది. అది అమెరికా రచయిత లీ గోల్డ్‌బర్గ్ 2008లో ప్రకటించిన 'మిస్టర్ మంక్ గోస్ టు జర్మనీ' అను నవల.

ఎడ్రియన్ మంక్ పుస్తకములో పుట్టిన పాత్ర కాదు. 2002 నుండి 2009 వరకు అమెరికా టెలివిజన్‌లో సాగిన ధారావాహికలో టోనీ షలూబ్ ధరించిన వేషమది. శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసు శాఖలో పనిచేయుచుండిన మంక్ భార్య ట్రూడీ 1997లో కారులో బాంబు ప్రేలి మరణించెను. అంతకు మున్నే అతనికున్న భయములు ఆ తరువాత కట్టలు తెంచుకొన్నవి. సూక్ష్మజీవులన్న భయము, ఎత్తన్న భయము, తుదకు పాలన్నను భయమే. పళ్లెములో ఒక పదార్థము మరియొకదానిని తాకినచో ఆ పూట భోజనము లేనట్లే. ఉద్యోగము పోయినది. అయినను హత్య జరిగిన గదిలో అడుగిడిన మరుక్షణమే ఇతరుల కంటికి ఆననిది అతని కంటికి ఆనును. కావుననే పోలీసు శాఖ అతనిని సలహాదారుగా పిలుచుచుండును. అతడు నియమము తప్పక పోయి కూర్చుండు చోటు డాక్టరు చార్లెస్ క్రోగర్ అను మానసిక వైద్యుని గది.

సామాన్యముగా ఇట్టి కథ శవముతో మొదలగును. గోల్డ్‌బర్గ్ నవలకు ముడి వైద్యుని ప్రయాణముతో పడినది. క్రోగర్ ఒక వైద్యసభకై జర్మనీలోని లోర్ అను చిన్న ఊరికి పోవును. ఆయన లేని దినములను మంక్ భరింపలేడు. విమానమన్న వణకు మనిషి, తలుపు గడియ ముట్టుటకు చేతిగుడ్డ వెదకు మనిషి, సముద్రమును దాటి వైద్యుని వెంట పోవును. హాస్యమంతయు ఇక్కడనే యున్నది: జబ్బు కదలనీయని మనిషిని ఆ జబ్బును చూచు వైద్యుని లేమి ఖండాంతరమునకు కదలించినది. విరామము కోరి వచ్చిన వైద్యునకు విరామము లేదు. అతని మర్యాద ఎంతవరకు తాళునో చూచుట పాఠకునకు వేడుక.

సంస్కృత నాటకము చదివినవారికి ఈ వైద్యుడు మొదట విదూషకునివలె తోచవచ్చును. నాయకుడు మనసు విప్పుటకు అతడొక చోటు. ఆ చోటు ఖాళీయగుట కథను నడుపుటయు క్రొత్త కాదు. అభిజ్ఞాన శాకుంతలమున దుష్యంతుడు రెండవ అంకములో మాధవ్యుని నగరమునకు పంపివేయును. అయిదవ అంకములో శకుంతల వచ్చుటకు ముందే అతనిని హంసపదిక యొద్దకు పంపును. మనసెరిగిన చెలికాడు సభలో లేడు గనుకనే గుర్తుచేయువాడును లేడాయెను. శాపము ఫలించుటకు ఆ ఖాళీ ఎంత అవసరమో కాళిదాసునకు తెలియును. ఆరవ అంకములో పశ్చాత్తప్తుడైన రాజు, అన్నియు విన్న నీవైనను ఏల జ్ఞాపకము చేయవైతివని చెలికానినే అడుగును.

పోలిక ఇంతవరకే. విదూషకుని పంపినవాడు రాజు. క్రోగర్ తనంత తాను పోయినవాడు. విదూషకుని లేమి రాజునకు తెలియదు, అది కవికి మాత్రమే తెలిసిన ఏర్పాటు; క్రోగర్ లేమి మంక్‌కు గడియగడియకు తెలియుచుండును. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. నాటకములో నవ్వించువాడు చెలికాడు, గంభీరుడు నాయకుడు. ఇచ్చట ఆ రెండు వేషములు చేతులు మారినవి. తిండి గూర్చియు భయముల గూర్చియు వాపోవుచు నవ్వు పుట్టించువాడు నాయకుడే. గంభీరముగా కూర్చుండి వినువాడు చెలికాడు, అతడును గడియారము చూచి శుల్కము గైకొను చెలికాడు. హాస్యాపరాధకథ చేసిన నిజమైన మార్పు ఇదియే.

మన నవలలలో ఇట్టి జోడు కనబడదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌కు రాజు సహాయకుడు. శరదిందు బందోపాధ్యాయ 1932లో ప్రవేశపెట్టిన వ్యోమకేశునకు అజిత్ మిత్రుడు, కథకుడు. 1965లో సత్యజిత్ రాయ్ వ్రాసిన ఫెలూదాకు తోప్శే పిన్నవాడైన సోదరుడు. వీరందరును పరిశోధకుని మేధకు సాక్షులు. అతని మనసు వీరి చేతిలో ఉండదు, ఉండవలసిన అవసరమును కలుగదు. పరిశోధకుడనగా నిబ్బరము గలవాడను నమ్మకము మన రచయితలది, పాఠకులది కూడ.

ఆంగ్ల సంప్రదాయమును జాగ్రత్తగా చూచినచో ఈ నిబ్బరమునకు మొదటినుండియు బీటలున్నవి. హోమ్సు కథలు చెప్పు వాట్సన్ వృత్తిచే వైద్యుడు. 1890లో వెలువడిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' ఆరంభముననే హోమ్సు కొకెయిన్ సూదివేసికొనుటయు వాట్సన్ వలదని వాదించుటయు ఉన్నవి. అనగా వైద్యుడు అప్పుడే గదిలో నున్నాడు. అతనికి వైద్యము చేయు అధికారము మాత్రము రచయిత ఈయలేదు. ఆ అధికారమును నికొలస్ మేయర్ 1974లో 'ది సెవెన్ పర్సెంట్ సొల్యూషన్' అను నవలలో ఇచ్చినాడు. అందు వాట్సన్ హోమ్సును ఉపాయముతో వియన్నాకు చేర్చి ఫ్రాయిడ్ చేతికి అప్పగించును. మంక్ కథలలో వాట్సన్ రెండుగా చీలినాడని చెప్పవచ్చును. కథ చెప్పు పని జీతమునకు వచ్చిన నటాలీ టీగర్ అను వితంతువుది. వినుట మాత్రము వైద్యునిది. ఈ చీలిక వలన నటాలీ చూచిన మంక్‌ను మనము చూతుము గాని, క్రోగర్ విన్న మంక్‌లో చాల భాగము తలుపు వెనుకనే మిగిలిపోవును.

ఇక అసలు చిక్కు. ట్రూడీ హత్యలో మంక్‌కు దొరకిన జాడ, నేరస్థుని కుడిచేతికి ఆరు వ్రేళ్లుండుట. లోర్ వీథులలో అతనికి ఆరు వ్రేళ్ల మనిషి కనబడును. చూచినవాడు పొరపడని కన్ను గలవాడు. పొరుగువారి హత్యలలో ఆ కంటిసాక్ష్యముపై పోలీసులు మనుషులను నిర్బంధించినారు. తన హత్య, అనగా తన భార్య హత్య యనగానే అదే కన్ను రోగలక్షణ మగును. ఇతడు చూచెనా, లేక మతి చలించెనా అనునది అందరి మొదటి ప్రశ్న. రోగి చూచినది సాక్ష్యమగునా? న్యాయస్థానములు తడబడు ఈ ప్రశ్నను ఒక కాలక్షేపపు నవల నవ్వుల నడుమ వేసినది.

1906లో వియన్నా విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర విద్యార్థులకు ఫ్రాయిడ్ ఇచ్చిన ఉపన్యాసమును ఇచ్చట తలచుకొనవలెను. నేరస్థుడు తనకు తెలిసిన రహస్యమును ఇతరులకు దాచును, రోగికి తన రహస్యము తనకే తెలియదు, ఇద్దరి యొద్దను గుప్తమైనదానిని వెలికిదీయుటయే పని యని ఆయన భావము. పరిశోధకుడును మనోవైద్యుడును ఒకే వృత్తిలోని రెండు శాఖలవారన్నమాట. మంక్ ఎల్లరి రహస్యములు విప్పును. తన దానిని విప్పుటకు మరియొక పరిశోధకుడు కావలెను, ఆ పరిశోధకుడే క్రోగర్. వైద్యుడు అద్దమువలె ఎదుట నున్నదానినే చూపవలెనని ఫ్రాయిడ్ 1912లో చెప్పెను. లోర్ పూర్వము అద్దముల పరిశ్రమకు పేరు గన్న ఊరు. ఇది యాదృచ్ఛికమే కావచ్చును, చదువుచున్నప్పుడు మాత్రము నవ్వు వచ్చును.

అందువలననే ఈ బంధమును గురుశిష్య సంబంధముగా చదువుట పొరపాటు. మన చదువరులు, మన అనువాదకులు ఆ దారి త్రొక్కుట సులభము. గీతలో అర్జునునకు విషాదము కలుగగా కృష్ణుడు ఉపదేశించును, క్రోగర్ ఉపదేశింపడు. గురువు ఇచ్చువాడు, వైద్యుడు ఇచ్చుటను ఆపుకొనువాడు. శిష్యుని భక్తి గురువునకు గౌరవము, రోగి భక్తి వైద్యునకు మరియొక లక్షణము. టెలివిజన్ కథలలో అదే వైద్యునకు రోగియైన హెరాల్డ్ క్రెన్‌షా యెడ మంక్‌కు గల మచ్చరము ఇందుకు మంచి నిదర్శనము: ఇద్దరు పెద్దలు పంతులుగారి మెప్పునకై బడిపిల్లలవలె పోటీపడుదురు, పంతులు మాత్రము మార్కులు వేయడు. తెలుగులోనికి తెచ్చువారు క్రోగర్ మాటలకు ఆశీర్వచనపు ధోరణి కల్పించినచో నవల చచ్చును. ఆయన మాటలు పొడిగా, తరచు ప్రశ్నలుగా ఉండవలెను. 'చికిత్సకుడు' అనునది తైలపు వాసన వేయును. 'మనస్తత్వవేత్త' గ్రంథములు చదివినవాని పేరు. డాక్టరుగారు అనుటయే మేలు, మన ఇండ్లలో అట్లే అందురు గనుక.

మనోరోగమును నవ్వులపాలు చేసినారను ఆక్షేపణ ఈ కథలపై ఉన్నది. అందులో సగము నిజము. టెలివిజన్‌లో కొన్ని ఘట్టములు మంక్ భయమును కేవలము కోణంగి చేష్టగా వాడుకొన్నవి, వానిని సమర్థింప నక్కరలేదు. ఈ నవలలో మాత్రము నవ్వు రోగముపై పడదు. అది ఇతరులందరును నిబ్బరముగా ఉన్నారను భ్రమపై పడును. వైద్యుని వెంట పరుగెత్తు మంక్‌ను చూచి నవ్విన పాఠకుడు, ఆరు వ్రేళ్ల మనిషి కనబడిన పిమ్మట, వానిని నమ్ముటకు తనకు ఎవరి అనుమతి కావలసివచ్చెనో చూచుకొనును. వైద్యుడు ఔనన్ననే ఔనా?

2008 ఏప్రిల్‌లో, నవల వెలువడిన ఏటనే, క్రోగర్ వేషము ధరించిన నటుడు స్టాన్లీ కమెల్ మరణించెను. నిర్మాతలు ఆ వేషమును మరియొకరికి కట్టక, కథలోను క్రోగర్ మరణించినట్లు చూపి, డాక్టర్ నెవెన్ బెల్ అను వేరొక వైద్యుని తెచ్చిరి. 2009 చివరి కథలో ట్రూడీ హత్యకు సమాధానము దొరకెను. రహస్యము తేలినచో రోగము కుదురునని పరిశోధక నవల నేర్పిన నమ్మకము. 2023లో వచ్చిన చలనచిత్రములో మంక్ మరల ప్రాణముపై విరక్తితో కనబడును. డాక్టరు బెల్ అప్పటికిని అతని ఎదుటి కుర్చీలో కూర్చుండి వినుచునే యుండును.