వేళలు కోస్తే రద్దీ తగ్గదు – జాగా చూపండి!

తోపుడుబండ్ల అన్నల్లారా, గంపల అక్కల్లారా, మా దగ్గర కొనుక్కునే కోనసీమ ప్రజలారా!

2021 జూన్ 21 నుంచి మిగతా జిల్లాల్లో కర్ఫ్యూ సడలింపు సాయంత్రం 6 దాకా పెరిగింది. మన తూర్పు గోదావరికి మాత్రం మధ్యాహ్నం 2 దాకానే. ఇక్కడ కరోనా కేసులు ఎక్కువున్న మాట నిజం. మన వీధుల్లోనూ మనుషుల్ని పోగొట్టుకున్నాం. రోజంతా జనం ఎదుట నిలబడి చిల్లర అందుకునే మనకంటే ఈ జబ్బు పోవాలని కోరేవాళ్ళెవరు?

కానీ పన్నెండు దాటాక ఏ కూరల మార్కెట్టుకైనా వచ్చి చూడండి. రోజంతా రావలసిన జనం గంటన్నరలో వచ్చిపడతారు. అడుగు దూరం కూడా ఉండదు. ఈలోగా పోలీసు విజిల్ మోగుతుంది. లంకల నుంచి తెల్లారకముందే తెచ్చిన తోటకూర వడిలిపోయి, అయినకాడికి వదిలించుకోవాలి. ఇక బజ్జీల బండికి, మల్లెపూల బుట్టకి బేరమే పొద్దుగూకాక. మే 5న కర్ఫ్యూ పెట్టింది మొదలు వాళ్ళ పొయ్యి ఆరిపోయింది. పొద్దున తొమ్మిది వందలిచ్చి సాయంత్రం వెయ్యి వసూలు చేసే రోజువడ్డీకి మాత్రం కర్ఫ్యూ లేదు!

జూన్ 8న జగనన్న తోడు పథకం కింద వడ్డీలేని 10 వేల అప్పు రెండో విడత ఇచ్చారు. మంచిదే. బేరం లేకుండా ఆ అప్పు తీరేదెలా?

నిరుడు చెన్నై కోయంబేడు మార్కెట్టు ఇరుకులోంచి జబ్బు మన చిత్తూరు, నెల్లూరుల దాకా పాకింది. విజయవాడలో రైతు బజార్లను మైదానాల్లోకి మార్చారు. ఇక్కడెందుకు మార్చరు? బడులు మూసే ఉన్నాయి, ఆటస్థలాలు ఖాళీ. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లోని ఆ స్థలాల్లో గీతలు గీసి మమ్మల్ని కూర్చోబెట్టండి, వేళలు పెంచండి. సాయంత్రం బండ్లకు పార్సిల్ అమ్మకమైనా ఒప్పుకోండి. టీకా ముందు మాకు వేయండి.

బండి లాక్కుపోతే ఊరుకోకండి. 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణాల్లో వర్తిస్తుంది: పట్టుకున్న సరుకుకి జాబితా రాసివ్వాలి, పాడైపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగివ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో నూటికి 40 మంది మనవాళ్ళే ఉండాలి.

ఈ సోమవారం, జూన్ 28 ఉదయం, అమలాపురంలో మున్సిపల్ ఆఫీసుకి, రాజోలు, కొత్తపేటల్లో పంచాయతీ ఆఫీసుకి అర్జీలిద్దాం. గుంపుగా వద్దు, నలుగురు నలుగురుగా, మాస్కుతో రండి. కొనేవాళ్ళూ మా అర్జీ మీద సంతకం పెట్టండి!

– కోనసీమ వీధి వ్యాపారులు